బిన్నీ మిల్లు నుంచి శామ్‌సంగ్ దాకా... అదే పేచీ

చెన్నై: పెరంబూరులో బిన్నీ మిల్లు ఎక్కడ అని అడిగితే ఈ తరం వాళ్లు సినిమా షూటింగుల సంగతి చెబుతారు. లేదంటే మిల్లు స్థలంలో లేచిన అపార్ట్‌మెంట్లు చూపిస్తారు. బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లులంటే... అదే, ‘బీ అండ్ సీ’ అంటే పెద్దవాళ్లకు ఠక్కున గుర్తొస్తుంది. వేల మందికి కూడు పెట్టిన ఆ మిల్లులు 1990ల్లో మూతపడ్డాయి. దేశంలో కార్మికులు సంఘం పెట్టుకోవడానికి ఒక చట్టమంటూ వచ్చిందంటే, దాని వెనక ఉన్న గొడవ ఇక్కడిదే. అందులో మన తెలుగువాళ్ల పాత్రా తక్కువేం కాదు.

భజనల సభలో మొదలు

వేంకటేశ గుణామృత వర్షిణి సభ. పేరు చూస్తేనే తెలుస్తుంది, భజనలు, ప్రవచనాల సంగతి. పెరంబూరు ప్రాంతంలో చిన్న వ్యాపారాలు చేసుకునే సెల్వపతి చెట్టియార్, రామానుజులు నాయుడు దాన్ని నడిపేవారు. సభకొచ్చే మిల్లు కార్మికులు దేవుడి సంగతితో పాటు కడుపు సంగతి కూడా చెప్పుకొనేవారు. రోజుకు పన్నెండు గంటల పని. మధ్యాహ్నం అన్నానికి అరగంట. చెయ్యి కడుక్కునే లోపే టైం అయిపోయేది. పైవాళ్ల తిట్లు, ఒక్కోసారి దెబ్బలు. పైగా మొదటి ప్రపంచ యుద్ధం నాలుగో ఏడు. బియ్యం ధర మండిపోతోంది. 1918 సెప్టెంబరులో ఆకలి తట్టుకోలేక మద్రాసు జనం అంగళ్ల మీద పడ్డారంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు.

చెట్టియార్, నాయుడు ఇద్దరూ కలిసి అనీబీసెంట్ పత్రిక ‘న్యూ ఇండియా’ ఆఫీసుకు వెళ్లారు. ఆమె లేరు. ఆమె సహచరుడు బి.పి.వాడియా ఉన్నారు. విషయం విని మిల్లు దగ్గరికి వచ్చారు. అలా 1918 ఏప్రిల్‌లో మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. వాడియా అధ్యక్షుడు. తమిళ పండితుడు, పత్రికా సంపాదకుడు తిరు.వి.కల్యాణసుందరం, గుత్తి నుంచి వచ్చిన దివాన్ బహదూర్ కేశవపిళ్లై వెన్నుదన్నుగా నిలిచారు.

యుద్ధం పేరు చెప్పి...

ఈ మిల్లుల ఖాకీ గుడ్డకు పెద్ద పేరు. యుద్ధం వచ్చాక సైనికుల యూనిఫారాల కోసం ఆర్డర్ల మీద ఆర్డర్లు. మిల్లుల్ని నడిపే బిన్నీ కంపెనీకి లాభాలే లాభాలు. మరి కార్మికుడికి? సమ్మె చేద్దామని కార్మికులు పట్టుబడితే వాడియానే వద్దన్నారు. బిన్నీ వాళ్ల జేబుకు చిల్లు పడితే తనకేం బాధ లేదని, వాళ్లు కావలసినంత గడిస్తున్నారని, కానీ సైనికులకు బట్టలు అందకపోతే ఎలా అని నచ్చచెప్పారు. హోంరూల్ ఉద్యమంలో 1917లో బీసెంట్‌తో పాటు నిర్బంధంలో ఉన్న మనిషే ఇలా అనడం విచిత్రమే. యుద్ధకాలంలో ఎంతటివాళ్ల నోటికైనా తాళం పడుతుందన్న మాట. కంపెనీ మాత్రం అంత మొహమాటపడలేదు. 1918 చివర్లో లాకౌట్ ప్రకటించింది.

1920లో పేచీ ముదిరింది. డిసెంబరులో పోలీసులు కాల్పులు జరిపారు. ఇద్దరు చనిపోయారు. కంపెనీ హైకోర్టుకెక్కింది. పనివాళ్లు కాంట్రాక్టు తప్పేలా ఉసిగొల్పారంటూ వాడియా మీద, యూనియన్ నాయకుల మీద దావా వేసి, ఇంజంక్షన్ తెచ్చుకుంది. నష్టపరిహారం కట్టాలంటే యూనియన్ దివాలానే. చివరికి వాడియా యూనియన్ నుంచి తప్పుకోవాలన్న షరతు మీద రాజీ కుదిరింది. ‘బయటివాడికి ఇక్కడేం పని’ అన్నదే కంపెనీ వాదన.

ఆ కేసు దేశమంతా కదిలించింది. సంఘం పెడితే జరిమానాలా? 1921 మార్చిలో ఎన్.ఎం.జోషి కేంద్ర శాసనసభలో చట్టం కావాలని తీర్మానం పెట్టారు. ట్రేడ్ యూనియన్ల చట్టం 1926లో వచ్చింది, 1927 జూన్ 1 నుంచి అమలైంది. సమ్మెకు పిలుపిచ్చినందుకు రిజిస్టరైన యూనియన్ మీద కంపెనీ వాడియా మీద వేసినలాంటి దావా వెయ్యకుండా 18వ సెక్షన్ అడ్డుకట్ట వేసింది.

మధ్యలో పులియంతోపు

అయితే చట్టం వచ్చేలోపు పెరంబూరులో జరిగింది తలచుకోవడానికి కష్టంగానే ఉంటుంది. 1921 మేలో కర్ణాటిక్ మిల్లులో, జూన్‌లో బకింగ్‌హాం మిల్లులో పని ఆగింది. నెలల తరబడి సాగిన ఆ సమ్మెలో ఆదిద్రావిడ కార్మికులు చాలామంది తిరిగి పనిలోకి వెళ్లారు. వాళ్లను తప్పుపట్టడం తేలిక. రోజు కూలి ఆగితే ఆ రోజు పస్తే. యూనియన్ పెద్దల్లో తమవాళ్లు ఎందరున్నారని వాళ్లు అడిగితే జవాబేదీ? పులియంతోపులో గుడిసెలు తగలబడ్డాయి. కొట్లాటలు, కాల్పులు. కంపెనీకి కావలసిందీ అదే.

అప్పుడు అధికారంలో ఉన్నది జస్టిస్ పార్టీ. 1921 జూలైలో కాళహస్తికి చెందిన పానగంటి రామరాయణింగారు, అంటే టీనగర్ పార్కుకు పేరున్న పానగల్ రాజా, ప్రథమ మంత్రి అయ్యారు. కానీ పోలీసు శాఖ గవర్నర్ చేతిలోనే ఉండేది. ప్రభుత్వం ఆదిద్రావిడులను నెత్తికెత్తుకుంటోందని పార్టీ పెద్ద పిట్టి త్యాగరాయ చెట్టి విమర్శిస్తే, ఆదిద్రావిడ నాయకుడు ఎం.సి.రాజా పార్టీకే దూరమయ్యారు. అక్టోబరుకు సమ్మె చల్లారింది. కార్మికులకు దక్కిందేమీ లేదు.

నూరేళ్ల తర్వాత శ్రీపెరంబుదూరు

2024 సెప్టెంబరు 9. శ్రీపెరంబుదూరు దగ్గర సుంగువార్‌చత్రంలోని శామ్‌సంగ్ ఫ్యాక్టరీలో వెయ్యి మందికి పైగా కార్మికులు పని ఆపేశారు. ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్లు, టీవీలు తయారయ్యే చోటు. జీతాల కంటే ముందు వాళ్లడిగింది యూనియన్ గుర్తింపు. అదీ ఏ చట్టం కింద? 1926 చట్టం కిందే! సీఐటీయూ బయటి సంఘం అని, యూనియన్ పేరులో శామ్‌సంగ్ మాట వాడకూడదని కంపెనీ అభ్యంతరం. పాత పాటే కదా. అక్టోబరులో పోలీసులు సమ్మె గుడారం పీకేసి కార్మికులను అరెస్టు చేశారు. డీఎంకే ప్రభుత్వానికి మద్దతిచ్చే పార్టీలే దీన్ని తప్పుపట్టాయి. మంత్రులు మధ్యవర్తులుగా దిగాక 37 రోజులకు సమ్మె ముగిసింది. హైకోర్టు గడువు పెట్టాక 2025 జనవరి 27న యూనియన్ రిజిస్టరైంది.

పెట్టుబడులు చెయ్యిజారతాయన్న భయం ఏ పార్టీనీ వదలదు. 2023 ఏప్రిల్‌లో తమిళనాడు అసెంబ్లీ పన్నెండు గంటల పనికి వీలిచ్చే బిల్లు పాస్ చేసింది. చైనా నుంచి మళ్లే ఎలక్ట్రానిక్స్ కంపెనీలకు వెసులుబాటు ఉండాలన్నది అప్పుడు వినిపించిన వాదన. కార్మిక సంఘాలు ఊరుకుంటాయా? మే 1న చింతాద్రిపేట మేడే పార్కులో ముఖ్యమంత్రి స్టాలిన్ బిల్లు వాపసు తీసుకుంటున్నట్టు ప్రకటించాల్సి వచ్చింది. తడ దాటితే శ్రీసిటీ. అక్కడి ఫ్యాక్టరీలకు వర్తించే రోజుకు 9 గంటల పరిమితిని 10కి పెంచాలని 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం నిర్ణయించింది. వాపసు మాటేదీ రాలేదు.

2025 నవంబరు 21న కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి తెచ్చింది. దావాల నుంచి రక్షణ కొత్త కోడ్‌లోనూ ఉంది. కానీ ఇక ఏ ఫ్యాక్టరీలోనైనా 14 రోజుల ముందు నోటీసు ఇవ్వకుండా సమ్మె కుదరదు. సగం మంది కూడబలుక్కుని ఒకేసారి సెలవు పెట్టినా సమ్మె కిందే లెక్క. శామ్‌సంగ్ కార్మికులు ఏ చట్టం కింద యూనియన్ రిజిస్టర్ చేయించుకున్నారో, పెరంబూరు గొడవలో పుట్టిన ఆ చట్టం, రిజిస్టరైన పది నెలలకే రద్దయిపోయింది.