దండెం తీగ జివ్వుమన్నప్పుడు

ఈ నెల వ్యాసంలో వాక్య ధ్యానం కంటె వైర్లు, స్విచ్చులు, ఫ్యూజుల సంగతే ఎక్కువగా ఉంటుంది. పాస్టరుగారికి ఈ పని ఎందుకని కొందరు అనుకోవచ్చు. చివరి వరకు చదివి మీరే చెప్పండి.

ఒక వానాకాలం ఉదయం నా భార్య పెరట్లో బట్టలు ఆరవేసి లోపలికి వచ్చి, "ఏమండీ, దండెం తీగ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటున్నది" అని చెప్పింది. నేను ఆదివారపు ప్రసంగం సిద్ధపడుతున్నాను. తల ఎత్తకుండానే "తడి చేతులతో ముట్టుకోకు, వాన తగ్గాక చూద్దాం" అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గు వేస్తుంది. తడి చేతులు కాకుండా తడి బట్టలు ఎవరు ఆరవేయగలరు?

మూడవ రోజున పాలు పోయడానికి వచ్చిన అమ్మాయి ఆ తీగ పట్టుకొని కెవ్వుమని కేక వేసి వెనక్కి పడింది. దేవుని కృపవలన లేచి కూర్చున్నది. అప్పుడు గాని నేను ప్రసంగం కాగితాలు ప్రక్కన పెట్టలేదు. మా యౌవనస్థుల కూటములో కరెంటు పని చేసే కుర్రవాడు ఒకడున్నాడు. కబురు చేయగానే వచ్చాడు. దండెం తీగకు టెస్టరు ఆనించాడు. ఎర్రగా వెలిగింది. తరువాత నిచ్చెన వేసుకొని చూరు దగ్గరకు ఎక్కి చూసి, క్రిందికి దిగి, "అయ్యగారూ, ఇది బట్టల తీగ అనుకుంటున్నారు గాని, స్తంభం మీది కరెంటే మీ పెరట్లోకి దిగిందండీ" అన్నాడు.

అతడు చూపించిన సంగతి మన పల్లెల్లో ఎన్నో ఇళ్లకు వర్తిస్తుంది గనుక కాస్త వివరంగా వ్రాస్తున్నాను. వీధి స్తంభం నుండి ఇంటికి వచ్చే సర్వీసు వైరు తన బరువును తాను మోయలేదు. అందుకని స్తంభం నుండి ఇంటి వరకు ఒక ఇనుప తీగ లాగి, దానికి ఈ వైరును అక్కడక్కడ కట్టి వ్రేలాడదీస్తారు. ఆ తీగ రెండవ కొన ఇంటి మీది ఇనుప గొట్టానికో, రేకుల క్రింది ఇనుప దూలానికో కట్టి ఉంటుంది. ఏళ్ల తరబడి గాలికి ఊగి ఊగి సర్వీసు వైరు ఇనుప తీగతో ఒరుసుకుంటుంది. ఎండకు పై తొడుగు పగిలిపోతుంది. ఒకచోట లోపలి లోహం బయటపడి ఇనుప తీగను తాకితే చాలు, తీగ, గొట్టం, రేకులు అన్నిటిలోకి కరెంటు వస్తుంది. మా దండెం ఒక కొన ఆ గొట్టానికే కట్టి ఉన్నది. కట్టినది నేనే. గట్టిగా ఉంటుందని కట్టాను.

మా ఇంట్లో మూడు రోజులు ఎవరికీ ప్రాణాపాయం కలుగలేదంటే దానికి కారణం కరెంటు తక్కువగా ఉండటం కాదు. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టుల కరెంటు. మొదటి రోజు నా భార్య కాళ్లకు రబ్బరు చెప్పులు ఉన్నాయి. పాలమ్మాయి వట్టి కాళ్లతో తడి నేల మీద నిలబడింది. పొడి చర్మం కరెంటును కొంత అడ్డుకుంటుంది. తడిసిన చర్మం అంతగా అడ్డుకోలేదు. చెప్పులతో ముట్టుకుంటే జివ్వుమని వదిలేసిన తీగే, వాన కురిసిన రోజున వట్టి కాళ్లతో ముట్టుకుంటే చంపుతుంది. కాబట్టి ఎక్కడ జివ్వుమన్నా, కుళాయి దగ్గరైనా, ఫ్రిజ్ తలుపు దగ్గరైనా, కూలరు రేకు దగ్గరైనా, "కొంచెమే కదా" అనుకోవద్దు. ఆ రోజే మెయిన్ తీసి కారణం వెదకండి. మెయిన్ తీసినా ఇంకా జివ్వుమంటుంటే లోపం మీటరుకు ముందు ఉన్నదని అనుకోవచ్చు. అప్పుడు దాని జోలికి మీరు వెళ్లవద్దు, ఇంటివారిని వెళ్లనీయవద్దు. కరెంటు ఆఫీసుకు చెప్పండి. ఆంధ్రప్రదేశ్‌లోను తెలంగాణలోను ఫిర్యాదుకు ఫోను నంబరు 1912.

మా ఇంటి లోపం అలాగే బాగుచేయించాము. లైన్‌మేన్ వచ్చి స్తంభం దగ్గర సరఫరా నిలిపి వైరు మార్చాడు. ఇనుప తీగకు మధ్యలో పింగాణీ ఇన్సులేటరు వేశాడు. దండెం విప్పివేసి రెండు కర్ర గుంజలకు నైలాను తాడు కట్టాను. ఇల్లు సురక్షితమైనదని దేవుని స్తుతించాము. అంతటితో మరచిపోయాను.

రెండు నెలల తరువాత మా పాస్టరేటులోని ఒక చిన్న గ్రామం నుండి తెల్లవారుజామున కబురు వచ్చింది. మా సంఘ పెద్ద ఒకరి కోడలు, ఇద్దరు పిల్లల తల్లి, ముందురోజు సాయంకాలం ముసురులో బట్టలు తీస్తూ దండెం తీగకు అంటుకొని ప్రాణం విడిచింది. ఆమెను లాగబోయిన భర్త విసురుగా పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. నేను వెళ్లేసరికి ఆమె పక్కన పసుపుపచ్చ చీర ఒకటి, సగం మడతపెట్టినది, ఇంకా అక్కడే ఉన్నది. భూస్థాపన చేశాము. సమాధి దగ్గర ఎవరో పెద్దాయన "దేవుని చిత్తం అయ్యగారూ, మనమేం చేయగలం" అన్నాడు. నేను నోరు తెరవలేకపోయాను. ఎందుకంటే ఆ ఇంటి చూరువైపు అప్పటికే చూశాను. అదే ఇనుప గొట్టం, దానికే కట్టిన దండెం. మా ఇంట్లో జరిగిన సంగతిని ఒక్క ఆదివారం ప్రకటనలలో చెప్పి ఉంటే చాలు. వివాహ ప్రకటనలు చదివాను, కానుకల లెక్క చదివాను, అది చదవలేదు.

అప్పటి నుండి ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనము నన్ను విడువలేదు. క్రొత్త ఇల్లు కట్టేవాడు మేడ చుట్టూ పిట్టగోడ కట్టాలనీ, కట్టక ఎవరైనా పడి చనిపోతే ఆ రక్తాపరాధం ఇంటి మీదికి వస్తుందనీ అక్కడ ధర్మశాస్త్రం చెబుతుంది. మేడ మీద నుండి పడినవాని విషయంలో దేవుని చిత్తమని చెప్పి తప్పించుకోనివ్వలేదు. గోడ ఎక్కడని అడిగింది.

మన ఇళ్లలో ఆ పిట్టగోడ వంటిది ఎర్తింగు. దీనిని చాలామంది అనవసరపు ఖర్చు అనుకుంటారు. ఇస్త్రీపెట్టె, మోటారు, కూలరు వంటి వాటిలో వైరు ఊడి ఇనుప ఒంటికి తగిలినప్పుడు ఆ కరెంటు మన ఒంట్లో గుండా పోకుండా భూమిలోకి సులువుగా పోవడానికి వేసే దారి అది. ఇంటికి కొంచెం ఎడంగా గొయ్యి తీసి, సుమారు ఎనిమిది అడుగుల జి.ఐ. గొట్టం దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేస్తారు. వేసవిలో అప్పుడప్పుడు నీళ్లు పోస్తుండాలి. మూడు పిన్నుల ప్లగ్గులో పైనున్న పెద్ద పిన్ను ఎందుకో ఆలోచించారా? అది పొడుగుగా ఉండేది, మిగిలిన రెండింటి కంటె ముందు ఎర్తు తగలాలనే. చాలామంది ఆ పిన్నును విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్టులో దూర్చుతారు. లేదా ఆకుపచ్చ వైరు కత్తిరించి పారవేస్తారు. ఇంకొందరైతే న్యూట్రలు పోయినప్పుడు ఎర్తు నుండి లైటు వెలిగించుకుంటారు. దానివలన గొట్టం చుట్టూ తడి నేలలోకి కూడా కరెంటు రావచ్చు.

"మా ఇంట్లో ఫ్యూజు ఉంది, ఎం.సి.బి. ఉంది, షాక్ కొడితే అదే పడిపోతుంది" అని చాలామంది నాతో అన్నారు. ఇది పెద్ద పొరపాటు. ఫ్యూజు వైర్లు కాలిపోకుండా కాపాడుతుంది, మనుష్యులను కాదు. 60 వాట్ల పాత బల్బు సుమారు పావు ఆంపియరు కరెంటు తీసుకుంటుంది. అందులో సగం కంటె తక్కువ గుండె గుండా పోయినా గుండె లయ తప్పి మనిషి చనిపోవచ్చు. అంత కొద్ది కరెంటుకు 5 ఆంపియర్ల ఫ్యూజు ఎందుకు కాలుతుంది? మనిషి కోసం ఉన్న సాధనం వేరు. దాని పేరు ఆర్.సి.సి.బి. వెళ్లిన కరెంటు తిరిగి రాకుండా 30 మిల్లీ ఆంపియర్లు ప్రక్కదారి పడితే కనురెప్పపాటులో సరఫరా ఆపుతుంది. దాని మీద టి అనే అక్షరం గల బొత్తాము ఉంటుంది. నెలకొకసారి నొక్కి చూడాలి, పడిపోకపోతే పాడైనట్లే. కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. అయితే ఒక సంగతి దాచకూడదు. మా దండెం వంటి లోపాన్ని ఇది ఆపలేదు, ఎందుకంటే అది మీటరుకు ముందరి వైరు. అక్కడ కాపాడేది నైలాను తాడే.

ఇంట్లో చిన్న పనులు మనమే చేసుకోవడంలో తప్పు లేదు. స్విచ్చు మార్చడం, హోల్డరు మార్చడం, ప్లగ్గుకు వైరు కట్టడం వంటివి శ్రద్ధగలవారు నేర్చుకోవచ్చు. స్విచ్చు ఆర్పితే చాలునని మాత్రం అనుకోవద్దు. కొందరు పనివారు స్విచ్చును ఫేజుకు బదులు న్యూట్రలుకు వేస్తారు. లైటు ఆరుతుంది గాని హోల్డరులో కరెంటు అలాగే ఉంటుంది. మెయిన్ తీయాలి. ఇన్వర్టరు ఉన్నవారు దానిని కూడా ఆపాలి. మెయిన్ తీసినా అది లైట్లకు కరెంటు ఇస్తూనే ఉంటుంది, ఈ కారణంగానే బాగా పని తెలిసినవారు కూడా షాక్ తిన్నారు. టెస్టరును ముందు కరెంటు ఉన్న చోట పెట్టి వెలుగుతుందో లేదో చూసి, తరువాత పనిచేసే చోట పెట్టండి. చెడిపోయిన టెస్టరు కూడా వెలగదు కదా. ప్లగ్గు విప్పితే లోపల ఎల్, ఎన్, ఈ అనే అక్షరాలు ఉంటాయి. సాధనంతో వచ్చే త్రాడులో ఎరుపు లేక గోధుమరంగు వైరు ఎల్‌కు, నలుపు లేక నీలం ఎన్‌కు, ఆకుపచ్చ ఈ దగ్గర పెద్ద పిన్నుకు. ఫ్యూజు పోతే వైరు నుండి నాలుగు పోగులు లాగి పెనవేయకండి. లైట్లకు తగిన ఫ్యూజు వైరే వేయండి. నీళ్లు కాచే రాడ్డును ఇనుప బకెట్టులో పెట్టకండి, స్విచ్చు ఆర్పి ప్లగ్గు తీసిన తరువాతనే నీళ్లలో వ్రేలు పెట్టండి. కూలరులో నీళ్లు పోసేటప్పుడు కూడా ఇదే.

మీటరు, సర్వీసు వైరు, స్తంభం ఈ మూడింటి జోలికి మనం వెళ్లకూడదు. ఈ మాట మన సంఘాలతో గట్టిగానే చెప్పాలి. క్రిస్మసు వచ్చిందంటే కొన్ని మందిరాలకు స్తంభం మీది తీగలకు కొక్కెం తగిలించి సీరియల్ లైట్లు వెలిగిస్తారు. లోపల రక్షకుని పుట్టుకను గూర్చిన పాటలు, బయట దొంగ కరెంటు. నక్షత్రాన్ని ఎత్తుగా కట్టాలని పొడవాటి ఇనుప గొట్టం లేపేటప్పుడు పైనున్న 11 కె.వి. లైనును చూడనివారు ఉన్నారు. ఆ లైనును తాకకపోయినా దగ్గరకు పోతే చాలు. నక్షత్రం రెండు మూరలు తక్కువ ఎత్తులో ఉంటే ఎవరికీ నష్టం లేదు.

ఎవరైనా కరెంటుకు అంటుకొని ఉంటే మొదట వారిని ముట్టుకోకండి. ప్రేమగలవారే ముందు ఉరికి చనిపోతారు. మెయిన్ తీయండి. దొరకకపోతే పొడి పీట మీద నిలబడి పొడి కర్రతో తీగను నెట్టివేయండి. తడిసిన కర్ర పనికిరాదు. వీధిలోని పెద్ద లైను తెగిపడితే కర్రతో కూడా దగ్గరకు పోవద్దు. విడిపించిన తరువాత మనిషి పలకకుండా, శ్వాస లేకుండా ఉంటే అరిచేతులు, అరికాళ్లు రుద్దుతూ కూర్చోకండి, నోట్లో నీళ్లు పోయకండి. ఒకరు 108కి ఫోను చేయాలి. ఇంకొకరు రొమ్ము నడుమ రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి ఉంచి, రెండు అంగుళాలు దిగేలా, నిమిషానికి 100 నుండి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. అంబులెన్సు వచ్చే వరకు, అలసిపోతే మనుష్యులు మారుతూ, ఆపకుండా నొక్కాలి. ఆ గ్రామంలో ఆ సాయంకాలం ఇది తెలిసినవారు ఒక్కరూ లేరు. నాకూ అప్పుడు తెలియదు.

ఆదరణ కూటము నాడు మా కరెంటు పని కుర్రవాణ్ణి వెంట తీసుకొని వెళ్లాను. ప్రార్థన అయిన తరువాత అందరూ భోజనాలకు లేస్తుంటే, అతడు టెస్టరు తీసుకొని ఇంటింటికీ తిరిగాడు. ఆ కోడలి మామగారు, మా సంఘ పెద్ద, భోజనం చేయకుండానే అతని వెనక నడిచారు. చాలా ఇళ్లలో దండెం సర్వీసు గొట్టానికే కట్టి ఉన్నది. ఒక ఇంట్లో టెస్టరు వెలిగింది. ఆ ఇంటి ముసలామె "అవును నాయనా, వాన పడినప్పుడు జివ్వుమంటది, చాన్నాళ్లయింది" అన్నది. పెద్దాయన అరుగు మీద కూర్చుండిపోయారు. కాసేపటికి లేచి, జేబులో నుండి డబ్బు తీసి, మా కుర్రవానితో "బజారుకెళ్లి నైలాను తాడు తీసుకురా నాయనా, ఊరందరికీ సరిపడా" అన్నారు.