ఇందూరులో ఒకటిన్నర రోజు

జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఆ మధ్య సెలవుల్లో మూడు రోజులు ఇటలీలోని బొలోనా నగరం చూసి వచ్చాడు. వెళ్ళే ముందు వేసుకున్న ప్రణాళిక నాకూ పంపాడు. చదివి నవ్వుకున్నాను. అందులో చర్చిల కన్న, గోపురాల కన్న ముందు భోజనాలున్నాయి! అక్కడ చాలా హోటళ్ళు మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో పొయ్యి ఆర్పేసి, మళ్ళీ రాత్రి ఏడింటికి గాని వెలిగించవట. ఆ వేళ తప్పితే పస్తే. అందుకని ముందు భోజనాల గంటలు రాసుకుని, మిగిలిన ఖాళీల్లో చూడవలసినవి ఇరికించాడు.

ఇప్పుడు వాడే కొత్త పెళ్ళికూతురుతో నిజామాబాదు వస్తున్నాడు. "మామయ్యా, శనివారం సాయంత్రం, ఆదివారం. అంతే ఉంది. మన ఊరు చూపించే పూచీ నీది" అని ఫోను చేశాడు. అమ్మాయిది విశాఖపట్నం. సముద్రం చూసి పెరిగిన పిల్లకు ఇందూరులో ఏం చూపిస్తాం?

పౌరుషం కొద్దీ ఒక పెద్ద జాబితా రాశాను. డిచ్‌పల్లి, ఖిల్లా, అలీసాగరు, నిజాంసాగరు, బోధను, కందకుర్తి, బాసర. మా శ్రీమతి చదివి, "ఇది యాత్రా, వార్షిక పరీక్షా?" అని కలం తీసుకుంది. బాసర గోదావరి అవతల, నిర్మల్ జిల్లాలో ఉంది; కొట్టేసింది. నిజాంసాగరు దూరమంది, కొట్టేసింది. ఖిల్లా దగ్గరికి వచ్చేసరికి మాత్రం నేను కాగితం లాక్కున్నాను. దాశరథి కృష్ణమాచార్య నిజాం మీద బొగ్గుతో గోడ మీద పద్యాలు రాసిన జైలు అది. వట్టికోట ఆళ్వారుస్వామి కూడా అక్కడే ఖైదీ. తెలుగు పాఠం చెప్పి బతికేవాణ్ణి, దాని ముందు నుంచి కారు ఆపకుండా ఎలా పోనిస్తాను? అరగంట మంజూరయింది.

అసలు చిక్కు మా నాన్నగారితో వచ్చింది. ఆయన బోధను చక్కెర ఫ్యాక్టరీలో, చెరుకు బండ్లు తూచే కాటా దగ్గర గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. మేమిద్దరం వాదించుకుంటుంటే పేపరు చాటు నుంచి, "శక్కర్‌నగర్ రాశిండ్రా?" అని అడిగారు.

రాయలేదు. మరిచిపోయి కాదు. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగరు మంజీర నీళ్ళను కాలువల్లోకి మళ్ళించింది. ఆ నీటితో చెరుకు వచ్చింది. చెరుకు కోసం 1937లో ఫ్యాక్టరీ వచ్చింది. సర్కారు జిల్లాల నుంచి రైతులు వచ్చి క్యాంపులు కట్టుకుని ఇక్కడివారే అయిపోయారు. మా ఇళ్ళలో జొన్నరొట్టె పక్కన గోంగూర పచ్చడి చేరింది అప్పుడే. ఆసియాలోనే పెద్దదని పేరు పొందిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఆ తరవాత నాన్నగారు అటు వెళ్ళలేదు. ఇప్పుడు మనుమడి ముందు ఆయన్ను ఆ తాళం దగ్గర నిలబెట్టడమా అని నా బెంగ.

మేనల్లుడికి ఫోను చేసి సంగతి చెప్పాను. వాడు కాసేపు ఊరుకుని, "బొలోనాలో అసినెల్లి అని 97 మీటర్ల గోపురం ఉంది మామయ్యా. 498 మెట్లు. పక్క గోపురం ఒరిగి ప్రమాదంగా ఉందని 2023లో దీన్నీ మూసేశారు. కింద నిలబడి ఒక గంట చూశాను. తాతయ్య పక్కనుంటే ఇక్కడ చూడడానికి ఇంకా ఎక్కువే ఉంటుంది" అన్నాడు.

ప్రణాళిక మళ్ళీ రాశాం, వాడి పద్ధతిలోనే, భోజనాలతో మొదలుపెట్టి. పెద్ద భోజనం అంకాపూర్‌లో. హైదరాబాదులో వీధికొకటి అంకాపూర్ కోడికూర అని బోర్డు కనిపిస్తుంది గాని, ఆ బోర్డుకూ ఊరికీ ఉన్న చుట్టరికం, మన హోటళ్ళ బొలోనీజ్‌కూ బొలోనాకూ ఉన్నంతే. ఊళ్ళో నాటుకోడి మొత్తం ఒక కూరగా వండి అన్నంతో ఇస్తారు. ముందే చెప్పి పెట్టుకోవాలి. దారి పక్కన కాల్చిన మక్కబుట్టలు ఉండనే ఉన్నాయి, కాని అవి తింటే కోడికి చోటుండదు. అంకాపూర్ ఆర్మూరు దారిలో ఉంది. తిని అటు నుంచి అటే హైదరాబాదు రోడ్డు ఎక్కవచ్చు. అందుకే దాన్ని చివరకు పెట్టాం.

డిచ్‌పల్లి రామాలయం వచ్చే దారిలోనే, శనివారం సాయంత్రం. నల్లరాతి శిల్పం చూసి ఇందూరు ఖజురహో అంటారు. వంద పైచిలుకు మెట్లు. మిట్టమధ్యాహ్నం చెప్పులు లేకుండా ఎక్కితే శిల్పం కాదు, చుక్కలు కనిపిస్తాయి. రాత్రి ఇంట్లో సర్వపిండి, పచ్చిపులుసు.

ఆదివారం తెల్లవారకముందే కందకుర్తి. గోదావరిలో మంజీర, హరిద్ర కలిసేచోట పొద్దు పొడవడం చూడాలి. సముద్రం పిల్లకు అది కొత్తే. అక్కడి నుంచి బోధను. అస్మక రాజధాని పోదనమే ఇదని చరిత్రకారులంటారు. పాత గుడి స్తంభాలతో నిలిచిన దేవల్ మసీదు బయటి నుంచి చూసి, శక్కర్‌నగర్. దీనికి మాత్రం గంట రాయలేదు. ఎంతసేపయితే అంతసేపు. ఆలస్యమైతే పోయేది అలీసాగరు. తోటలు ఎక్కడికీ పోవు.

కాగితం నాన్నగారికి వినిపించాను. కోడికూర దగ్గర, "కారం జర తగ్గియ్యమను, పిల్ల కొత్తది" అన్నారు. శక్కర్‌నగర్ దగ్గర ఏమీ అనలేదు. రాత్రి నేను తలుపులు వేస్తుంటే మంచం మీద నుంచి పిలిచారు.

"కారు పెద్ద గేటు కాడ ఆపకు. బండ్లు వచ్చే గేటు కాడ ఆపు. కాటా అటు దిక్కు ఉంటది."