శనివార నియమము – వయోధర్మము



వారములలో చివరిదైన శనివారమునకు స్థిరవారమనియు, మందవారమనియు పేర్లు కలవు. మన గుంటూరు, ప్రకాశం సీమలలో ఈ వారమునకు గల గౌరవము సామాన్యమైనది కాదు. తెల్లవారుజామున తలంటి స్నానము, వేంకటేశ్వరుని పటము ముందు నువ్వులనూనె దీపము, పగలు ఒక్కపూట భోజనము, సాయంకాలము ఆంజనేయుని గుడిలో ప్రదక్షిణములు. నల్లరేగడి పల్లెలలో తరతరములుగా నడచుచున్న దినచర్య ఇది. అద్దంకి చెంత భవనాసి చెరువు గట్టున వెలసిన సింగరకొండ ప్రసన్నాంజనేయుని సన్నిధిలోను, పొన్నూరులో 24 అడుగుల వీరాంజనేయుని సన్నిధిలోను, తెనాలి వైకుంఠపురములో వేంకటేశ్వరుని సన్నిధిలోను శనివారమునాడు నిలిచి చూచినవారికి ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ ఆచారమును గూర్చి పెద్దవయసు వారు మమ్ము తరచు అడుగు ప్రశ్న ఒకటి కలదు. "అయ్యగారూ, నలభై ఏళ్లుగా శనివారం ఒక్కపొద్దు తప్పలేదు. ఇప్పుడు షుగరు వచ్చింది. వేళకు తినకపోతే కళ్లు తిరుగుతున్నాయి. మానేస్తే స్వామికి కోపం వస్తుందేమో!" ఇది చిన్న ప్రశ్న కాదు. ఒకవైపు ప్రాణము, మరొకవైపు జీవితకాలపు నమ్మకము ఉన్నవి. దీనికి సమాధానము చెప్పవలెనన్నచో శనివార నియమమనగా ఏమో, అది ఏ వయస్సున ఏ రూపము ధరించునో మొదటినుండి విచారింపవలెను.

వారమునకు మూలము

వేదములలో యజ్ఞకాలములు తిథి, నక్షత్ర, ఋతువులను బట్టి చెప్పబడినవే గాని వారములను బట్టి చెప్పబడలేదు. వారగణనము జ్యోతిశ్శాస్త్రము వలన మనకు సంక్రమించినది. పూర్వులు గ్రహములను నడకలో మందమైనదానినుండి శీఘ్రమైనదానివరకు శని, గురుడు, కుజుడు, రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు అని వరుసగా నిలిపిరి. ఒక అహోరాత్రమును 24 హోరలుగా విభజించి, హోరకొక గ్రహమును ఈ వరుసలో అధిపతిగా చెప్పిరి. మొదటి హోరకు ఎవరు అధిపతియో ఆ దినము వారిది. శనివారమున మొదటి హోర శనిది. వరుసగా లెక్కించినచో ఇరువదియైదవ హోర, అనగా మరునాటి మొదటి హోర, రవికి వచ్చును. కావుననే శనివారము తరువాత ఆదివారము వచ్చుచున్నది.

ఈ విషయము ఏల చెప్పుచున్నామనగా, సంధ్యావందనమువంటి నిత్యకర్మ వేరు, శనివార వ్రతము వేరు. నిత్యకర్మ మానుట దోషము. శనివార వ్రతము ఒక కోరికతో గాని, భక్తితో గాని, ఇంటి ఆచారముగా గాని మనము స్వయముగా స్వీకరించినది. ఏకాదశి ఉపవాసము నిత్యముగా చెప్పబడినది. అట్టి ఏకాదశికే ధర్మశాస్త్రకర్తలు ఎనిమిదేండ్లు దాటినవారికి, ఎనుబది నిండనివారికి అని హద్దు విధించిరి. నిత్యమైనదానికే వయస్సు హద్దుగా ఉండగా, మనము స్వీకరించిన వ్రతమునకు ఉండదా?

ఒక్కపొద్దు అనగా

ఆహారనియమము నాలుగు విధములు. పగలు మధ్యాహ్నము దాటిన పిమ్మట ఒకమారు భుజించుట ఏకభుక్తము. పగలు మాని రాత్రి ఒకమారు భుజించుట నక్తము. అడుగకుండ లభించినదానిని మాత్రమే భుజించుట అయాచితము. బొత్తిగా మానుట ఉపవాసము. మన ఇండ్లలో పగలు అన్నము, రాత్రి ఫలహారము అను ఒక్కపొద్దు ఏకభుక్తమునకు దగ్గరగా నున్నది. శక్తిని బట్టి ఎంచుకొనుటకే ఇన్ని మెట్లు ఏర్పడినవి.

అంతియే గాక, వ్రతమును భంగపరుపనివి ఎనిమిదింటిని స్మృతికారులు లెక్కించిరి. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధము. ఈ ఎనిమిదవదానిని శ్రోతలు మనస్సున గట్టిగా నిలుపుకొనవలెను. మందు వ్రతమునకు విరోధి కాదు.

బాల్యము

పసివాని శనివారము అభ్యంగనము. తల్లి గాని, అమ్మమ్మ గాని కాళ్లపై పండుకొనబెట్టుకొని నువ్వులనూనె మర్దించి, సున్నిపిండితో నలిచి, కుంకుడురసముతో తలంటుదురు. అభ్యంగనమునకు శనివారము శుభప్రదమని ముహూర్తగ్రంథములు చెప్పుచున్నవి. ఈ వయస్సున ఉపవాసము లేదు. ఆకలిగొన్న బిడ్డను పూజ ముగియువరకు నిలిపియుంచుట భక్తి కాదు. కొంచెము పెద్దవాడైన పిమ్మట వానికి తగిన వ్రతము గోవిందనామము. శ్రావణ శనివారములలో పిల్లలు నామము ధరించి, చెంబుకును నామము దిద్ది, గోవిందా యనుచు బియ్యము ఎత్తుకొని వచ్చు ఆచారము తెలుగు పల్లెలలో కలదు. ఆ బియ్యముతో వండి స్వామికి నివేదింతురు. చేయి చాచి అడుగుటచే అహంకారము కరగుననియు, అడిగినవానికి పెట్టవలెననియు ఆ పసితనములోనే నేర్పుటకు ఇంతకన్న మంచి పాఠము లేదు.

విద్యార్థి దశ

ఉపనయనమైన వెంటనే శనివారపు రూపు మారిపోవును. బ్రహ్మచారికి అభ్యంగనము, కాటుక, పూలు నిషిద్ధములని మనుస్మృతి చెప్పుచున్నది. నిన్నటివరకు తల్లి తలంటిన బాలుడే నేడు చన్నీటి స్నానము చేసి గురువు ముందు కూర్చుండును. వేదపాఠశాలలలో అనధ్యయనము పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పర్వములను బట్టి వచ్చును గాని వారమును బట్టి రాదు. కావున మా పాఠశాల రోజులలో శనివారము ప్రత్యేకమైన సెలవు గాదు. సంథ చెప్పుకొను దినములలో అదియొకటి, అంతే.

నేటి కళాశాల విద్యార్థులకు మేము చెప్పునదియు ఇదే. చదువే మీ తపస్సు. పరీక్షల ముందు ఏడు శనివారములు నిరాహారముగా నుండి, పుస్తకము ముందు నీరసించి కూర్చుండుట స్వామి కోరినది కాదు. ఆంజనేయుడు సూర్యునివద్ద వ్యాకరణము నేర్చిన విద్యార్థియని మన పెద్దలు చెప్పుదురు. ఆయనకు ప్రీతికరమైనది శ్రద్ధతో చదివిన పాఠమే. కడుపునిండ తిని, పదునొకండు ప్రదక్షిణములు చేసి, చదువుకొనుడు.

గృహస్థ దశ

శనివార వ్రతమునకు ముఖ్యాధికారి గృహస్థుడు. ఏడు శనివారముల వ్రతము, బియ్యపుపిండి దీపము, ఒక్కపొద్దు, అభ్యంగనము అన్నియు వానికి చెందినవే. అయితే గృహస్థుని భారమును కూడ శాస్త్రము ఎరుగును.

మన సీమలో ఫాల్గుణ, చైత్రమాసములు మిరపకోతల కాలము. తెల్లవారకముందే చేలో దిగి, ఎండ ముదురువరకు వంగి కాయ కోయు స్త్రీ శనివారమని చెప్పి నీరైనను ముట్టకుండుట ఎంతమాత్రము తగదు. ఆమె చద్దన్నము తినవలెను, మజ్జిగ త్రాగవలెను. రాత్రి ఇంటికి వచ్చి దీపము పెట్టి నమస్కరించినచో ఆమె శనివారము పూర్ణమైనది. పత్తితీతకు పోవువారికిని ఇదియే మాట. నియమము తప్పక పాటింపదలచినవారు ఆ నెలలు విడిచి, కోతలు ముగిసిన పిమ్మట సంకల్పించుకొనవచ్చును.

గర్భిణికి, బాలింతకు, రోగికి ప్రతినిధివిధానము కలదు. భార్యకై భర్త, తండ్రికై కుమారుడు, అన్నకై తమ్ముడు వ్రతము నడపవచ్చును. ఆరంభించిన వ్రతము నడుమ అశౌచము వచ్చినచో, ఉపవాసాది శరీరనియమమును తాను పాటించి, పూజను ఇతరులచే చేయింపవలెనని నిర్ణయము. తాను పాటించినట్లే కోడలును పాటింపవలెనని నెలలు నిండిన పిల్లను పస్తుంచు అత్తగార్లు ఈ విధానమును గమనింపవలెను. కోడలి పేర అత్తగారే ఆ ఒక్కపొద్దు ఉన్నచో ఆ ఇంట వ్రతమును నిలుచును, అనురాగమును నిలుచును.

గృహస్థునకు మరియొక శనివారధర్మము కలదు. జ్యోతిశ్శాస్త్రములో శని సేవకులకు, శ్రమించువారికి, వృద్ధులకు కారకుడు. గుంటూరు మిర్చి యార్డుకు శని, ఆదివారములు సెలవు. వారమంతయు టిక్కీలు, కాటాలు, ధరలు అని తిరిగిన రైతుకు ఆ దినము కొంత తీరిక దొరకును. ఆ తీరికలో నవగ్రహములకు తైలాభిషేకము చేయించుటకు ముందు, కోతకు వచ్చిన కూలీల బాకీ తీర్చెనా, ఇంటిలో మంచము పట్టిన తండ్రి ప్రక్కన కొంతసేపు కూర్చుండెనా అని విచారించుకొనవలెను. కూలి నిలిపి నువ్వులు దానమిచ్చినందువలన శని ప్రసన్నుడు కాడు.

ఏలినాటి శని భయము

ఈ దశలోనే ఏలినాటి శని అను మాట వినబడి గుండె జారును. లెక్క చూడుడు. శని రాశిచక్రమును ఒకమారు చుట్టుటకు ఇంచుమించు ఇరువదితొమ్మిదిన్నర ఏండ్లు పట్టును. రాశికి రెండున్నర ఏండ్లు. జన్మరాశికి ముందు రాశి, జన్మరాశి, తరువాతి రాశి కలిపి ఏడున్నర ఏండ్లు. పండ్రెండు రాశులలో ఏ కాలమునందైనను మూడు రాశులవారికి ఏలినాటి శని నడచుచునే యుండును. అనగా ఏ ఊరిలోనైనను ఎల్లప్పుడు నాలుగవవంతు జనులు ఇంచుమించుగా అందులోనే ఉందురు. అందరును నడచు బాట ఇది. ఒకరిమీద పడిన శాపము కాదు.

2021–22 సంవత్సరములో నల్ల తామర పురుగు గుంటూరు సీమ మిరపతోటలను పాడుచేసెను. ఆ పురుగు ఏ రైతు జన్మరాశిని అడుగలేదు. ఏలినాటి శని నడచువాని చేనును, నడవనివాని చేనును ఒకే తీరున వాలిపోయినవి. అట్టి నష్టములో నున్నవాడు మరల అప్పుచేసి వేలకు వేలు శాంతులకు ఖర్చుపెట్టుట తగదు. అప్పుతో చేయు దానము దానము కాదు. శక్తికి తగినట్లు గుప్పెడు నువ్వులు, గరిటెడు నూనె, ఒక ఆకలిగొన్నవానికి అన్నము చాలును. మిగిలిన ధనము, ధైర్యము రాబోవు పైరుకు దాచుకొనవలెను.

వార్ధక్యము

ఏలినాటి శని మొదటిమారు మంగు శని, రెండవమారు పొంగు శని, మూడవమారు మృత్యు శని అని లోకములో ఒక మాట కలదు. మూడవ పర్యాయము సామాన్యముగా అరువది ఏండ్ల ప్రాంతమున గాని, ఆ తరువాత గాని వచ్చును. ఆ వయస్సున శరీరము సడలుట సహజము. దానికి శనిని నిందించి, భయముతో ఉపవాసములు పెంచుట విపరీతము. తగ్గింపవలసిన కాలమున పెంచరాదు.

ఇక మొదటి ప్రశ్నకు వచ్చెదము. మధుమేహమునకు మాత్రలు వేసికొనుచు, ఇన్సులిను తీసికొనుచు ఆహారము మానినచో రక్తములో చక్కెర ఒక్కసారిగా పడిపోయి ప్రాణాపాయము కలుగవచ్చును. కావున వైద్యుని మాటయే అట్టివారికి శాస్త్రము. ఔషధము వ్రతభంగము కాదని పెద్దలు చెప్పనే చెప్పిరి. అతిగా తినువానికి గాని, బొత్తిగా తిననివానికి గాని యోగము కుదరదని గీత ఆరవ అధ్యాయమున భగవానుడు బోధించెను. శరీరమును, అందులోనున్న తనను కూడ కృశింపజేయు తపస్సును పదునేడవ అధ్యాయమున నిందించెను.

వ్రతమును మానుట వేరు, ముగించుట వేరు. ముగించుటకు ఉద్యాపనమను విధి కలదు. ఒక శనివారమున కుటుంబమంతయు కూడి స్వామిని పూజించి, చిమ్మిలి, దద్ధ్యోదనము నివేదించి, "ఇన్నేండ్లు నీవు నడిపించిన వ్రతమును నీకే సమర్పించుచున్నాము" అని అక్షతలు, నీరు విడిచి, శక్తికొలది అన్నదానము చేసినచో వ్రతము సంపూర్ణమైనది. అది విడిచిన వ్రతము కాదు, పండిన వ్రతము. పండు తొడిమనుండి వీడినప్పుడు చెట్టు కోపగించుకొనునా?

ఉద్యాపనమైన పిమ్మట వృద్ధుల శనివారము శూన్యము కాదు. వేళకు తిని, మందు పుచ్చుకొని, కూర్చున్నచోటనే నామజపము చేయవచ్చును. నూనె తలంటు కూడ ఒంటికి సరిపడినచో చేయవచ్చును, లేనిచో గోరువెచ్చని నీటి స్నానము చాలును. కొండ ఎక్కలేనివారు కొండవైపు తిరిగి నమస్కరింపవచ్చును. మనుమలను దగ్గర కూర్చుండబెట్టుకొని హనుమంతుని కథ చెప్పుట ఆ వయస్సుకు మాత్రమే దక్కిన శనివారసేవ. పసివాని తలంటితో మొదలైన శనివారము ఈ విధముగా మరల పసివారియొద్దకే చేరుచున్నది.

కావున భగవద్బంధువులారా, బాల్యములో నూనె, విద్యార్థి దశలో పాఠము, గృహస్థ దశలో ఒక్కపొద్దు మరియు న్యాయమైన కూలి, వార్ధక్యమున నామము. రూపములు నాలుగైనను శ్రద్ధ ఒక్కటే. మీ ఇంటిలో వృద్ధులు గాని, గర్భిణులు గాని, రోగులు గాని భయముచేత పస్తులున్నచో, రాబోవు శనివారమునాడే వారికి ఈ మాట చెప్పి, వేళకు వడ్డింపుడు.

శ్రీనివాసుడు మిమ్ములను, మీ పైరులను, మీ ఇంటి పెద్దలను, పిల్లలను చల్లగా కాపాడుగాక!

స్వస్తి.