ప్రమాణ పత్రం తెరిచే ముందు: వివరాల పుట తెలిపే అంశాలు

నీటి నమూనా ఫలితాన్ని వివరించేటప్పుడు గానీ, బిందు సేద్య పరికరాల నాణ్యతను నిర్ధారించేటప్పుడు గానీ విస్తరణ శాస్త్రవేత్తలు ఏదో ఒక ఐ.ఎస్. సంఖ్యను ఉటంకించవలసి వస్తుంది. ఆ సంఖ్యను పాత నివేదిక నుండో, పాఠ్యపుస్తకం నుండో యథాతథంగా ఎత్తి వ్రాయడం విద్యార్థుల సిద్ధాంత వ్యాసాలలో తరచుగా కనిపించే అలవాటు. భారతీయ ప్రమాణాల సంస్థ (బి.ఐ.ఎస్.) ఆన్‌లైన్ గ్రంథాలయంలో ప్రమాణానికి సంబంధించిన వివరాలను ముందుగా చదివితే ఈ అలవాటు వలన కలిగే పొరపాట్లు చాలావరకు తప్పుతాయి.

తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 ఇందుకు మంచి ఉదాహరణ. ఇది 1983లో వెలువడి, 1991లోనూ 2012లోనూ పునఃసమీక్షకు లోనయింది. సంఖ్య మారలేదు; దాని పక్కనున్న సంవత్సరం మాత్రమే మారింది. కనుక సంవత్సరం లేకుండా ఐ.ఎస్. 10500 అని మాత్రమే వ్రాస్తే ఏ పట్టికను అనుసరించారో పాఠకునికి తెలియదు. అయితే సంవత్సరం తెలిసినా సరిపోదు. 2012 నాటి మూల పత్రంలో ఇనుము పరిమితి లీటరుకు 0.3 మిల్లీగ్రాములు. 2015లో వచ్చిన సవరణ దానిని 1.0 మిల్లీగ్రాముకు పెంచింది. ఒక గ్రామంలోని బోరు నీటిలో ఇనుము 0.6 మిల్లీగ్రాములు ఉన్నదనుకొందాం. మూల పత్రాన్ని మాత్రమే చూసినవారు ఆ నీరు ఇనుము విషయంలో ప్రమాణానికి తగదని వ్రాస్తారు. సవరణను కూడా చూసినవారు తగినదని వ్రాస్తారు. రెండు నివేదికల మీదా ఉండేది ఐ.ఎస్. 10500:2012 అనే ఒకే సంఖ్య. గ్రామస్థులు ఆ బోరును వాడుకోవాలా, మానాలా అన్నది ఈ తేడా మీదనే ఆధారపడుతుంది. అందుచేత వివరాలలో సవరణల వరుసను తప్పక చూడాలి. అక్కడ ఉన్న ప్రతి సవరణనూ మూల పత్రంతో కలిపి చదవాలి.

ప్రమాణం పరిధి కూడా అంతే ముఖ్యమైనది. పైన చెప్పిన 0.6 మిల్లీగ్రాముల ఇనుము ఉన్న నీరు తాగునీటి పరిమితికి లోబడి ఉన్నంత మాత్రాన డ్రిప్‌కు అనువైనదని చెప్పరాదు. సాధారణంగా అనుసరించే వర్గీకరణ ప్రకారం ఇనుము 0.1 నుండి 1.5 మిల్లీగ్రాముల వరకు ఉంటే ఎమిటర్లు పూడుకొనే అవకాశం మధ్యస్థం, అంతకు మించితే తీవ్రం. మనిషి తాగగల నీరు ఎమిటర్‌ను మూసివేయగలదన్నది రైతుకు వింతగా తోచవచ్చు గానీ, రెండింటి ప్రయోజనాలు వేరు.

సూక్ష్మ సేద్య పరికరాలకు వేర్వేరు ప్రమాణాలున్నాయి. లేటరల్ పైపులకు ఐ.ఎస్. 12786, ఎమిటర్లకు 13487, ఎమిటర్లు లోపలే అమర్చిన పైపులకు 13488 వర్తిస్తాయి. స్ప్రింక్లర్ పైపుల ప్రమాణం 14151 భాగాలుగా ఉన్నది; భాగం సంఖ్యను వదలివేస్తే ఉటంకింపు అసంపూర్ణమే. సంఖ్య గుర్తులేనప్పుడు అంతర్జాతీయ వర్గీకరణ సంకేతం ద్వారా వెదకవచ్చు. వ్యవసాయానికి 65, అందులో సేద్య, మురుగునీటి పారుదల పరికరాలకు 65.060.35 కేటాయించారు. (ఐ.ఎస్. సంఖ్యలకు ఇటువంటి విషయక్రమం లేదు. మొదటి సంఖ్య జాతీయ పతాకానిది!)

పునర్ధ్రువీకరణ సంవత్సరాన్ని చాలామంది పునఃసమీక్షగా పొరబడతారు. ప్రమాణాన్ని మళ్ళీ పరిశీలించి, మార్పు లేకుండా కొనసాగించాలని సంఘం నిర్ణయించినప్పుడు పునర్ధ్రువీకరిస్తారు. కనుక 1989 నాటి పత్రం పాతదైనంత మాత్రాన చెల్లనిది కాదు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఇదే స్థితిని అంకెలలో చూపుతుంది: 60.60 అంటే ప్రచురితం, 90.93 అంటే ధ్రువీకృతం, 95.99 అంటే ఉపసంహృతం. ఎమిటర్ల అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 9261ను పరిశోధనా పత్రంలో పేర్కొనేవారు ఈ సంకేతాన్ని చూసుకోవడం మంచిది.

ఉపసంహరించిన ప్రమాణాలను పూర్తిగా పక్కన పెట్టనవసరం లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ సేద్య పథకం 2003లో మొదలైంది. ఆనాటి తోటలలో పరచిన పైపుల పనితీరును అధ్యయనం చేసే విద్యార్థి, వాటిని ఏ నాణ్యతా నియమాల ప్రకారం తయారు చేశారో తెలుసుకొనుటకు ఆనాటి పత్రాన్నే చదవాలి. అటువంటప్పుడు నివేదికలో ప్రమాణం సంఖ్య, భాగం, సంవత్సరం, సవరణలతోపాటు అది ఆనాడు అమలులో ఉన్నదన్న సంగతినీ పేర్కొనాలి.