గడుల ఆటలో ఆవర్తకములు: దొరకని రూపము, లేని రూపము

ఛందశ్శాస్త్రమున నష్టోద్దిష్టముల నెఱిగినవారికి సంఖ్యనుండి రూపమును, రూపమునుండి సంఖ్యను రాబట్టుట క్రొత్త గాదు. అతిధృతి ఛందమున పాదమునకు 19 అక్షరములు; సమవృత్తములు 5,24,288. అందు శార్దూలవిక్రీడితము 1,49,337వది. ఈ సంఖ్య చెప్పినంతనే వృత్తమును వ్రాసి చూపవచ్చును. ఇట్టి సౌలభ్యము లేని శాస్త్రరంగ మొకటి కలదు. అందును ఈ 19 అను సంఖ్యయే పరిశోధకులను చిరకాలము వేచియుండజేసినది.

ఆంగ్ల గణితవేత్త జాన్ హార్టన్ కాన్వే కల్పించిన ‘లైఫ్’ అను ఆటను మార్టిన్ గార్డ్నర్ 1970 అక్టోబరులో ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో లోకమునకు తెలిపెను. చదరంగపు బల్లవలె గళ్ళు గీసిన అనంతమైన తలమే దీని రంగము. కావున ‘సెల్’ అను మాటకు ఇచట కణమనుటకంటె గడి యనుట మేలు. ప్రతి గడికిని ఎనిమిది పొరుగు గడులు. నిండిన గడికి రెండుగాని మూడుగాని నిండిన పొరుగులున్నచో అది నిలుచును, లేనిచో ఖాళీయగును. ఖాళీ గడికి సరిగా మూడున్నచో అది నిండును. సూత్ర మింతియే.

అడ్డముగా వరుసనున్న మూడు నిండిన గడులను చూడుడు. కొనలయందలి గడులకు పొరుగు ఒక్కటే, అవి నశించును. నడిమిదానికి రెండు, అది నిలుచును. నడిమిదానికి పైని, క్రిందను ఉన్న ఖాళీ గడులకు మూడేసి, అవి నిండును. అడ్డవరుస నిలువువరుస యైనది. మఱుసటి తరమున మరల అడ్డమగును. ఇట్లు కొన్ని తరములకు తొలిరూపమును పొందు అమరికను ఆవర్తకమందము. దీని ఆవృత్తి 2. పది గడుల వరుసనుండి పుట్టు ‘పెంటాడెకథ్లాన్’ ఆవృత్తి 15.

అన్ని ఆవృత్తులును సాధ్యములేనా? 2013లో మైక్ ప్లేల్ కనుగొనిన ‘స్నార్క్’ అను స్థిరమైన అమరిక, తన్ను తాకిన సంచారరూపమును అద్దమువలె మరల్చును. అట్టివానిని నాలుగు మూలలనుంచి, నడుమ సంచారరూపములను త్రిప్పినచో 43 మొదలు ఎంతటి ఆవృత్తినైనను సాధింపవచ్చును. అంతకు చిన్నవాని నొక్కొక్కదానినే వెదకవలసివచ్చెను. నష్టక్రియవంటి ఉపాయము లేదు. కడపట మిగిలిన 19, 41 ఆవృత్తులు 2023లో లభించినవి. సూత్రము సంపూర్ణముగా తెలిసియు, దాని ఫలమును తెలియుటకు 53 ఏండ్లు పట్టెను.

ఇందు భాషాపరిశోధకునకు ఒక హెచ్చరిక కలదు. ఇతర భాషాప్రాంతమున తెలుగు బోధించు నన్ను, తెలుగు మాతృభాష గాని విద్యార్థులు ‘ఈ రూపము కలదా?’ అని తఱచు అడుగుదురు. ‘లేదు’ అని నేనిచ్చిన ప్రత్యుత్తరములలో కొన్ని ‘నాకు కనబడలేదు’ అనదగినవే. కనబడని రూపమెల్ల సాధువని నా అభిప్రాయము గాదు. భాషకు ప్రయోగమే ప్రమాణము. ఐనను సూత్రము నిషేధించిన రూపమును, సూత్రము అనుమతించియు ప్రయోగమున దొరకని రూపమును ఒకే పట్టికలో చేర్చుట దోషము. 2022లో 19వ ఆవృత్తి యసాధ్యమని వ్రాసియున్నవాడు మఱు సంవత్సరమే దానిని దిద్దుకొనవలసివచ్చెడివాడు. మన వ్యాకరణములందును ఈ రెంటిని వేఱువేఱుగా గుర్తించుట యుక్తము.