బ్రెయిన్ సర్జరీ: పుర్రె తెరవకముందే మెదడుకు ‘రూట్ మ్యాప్’.. రంగుల్లో కనిపించే నరాల దారులు!

బ్రెయిన్ ట్యూమర్ ఆపరేషన్‌లో గడ్డ కన్నా దాని పక్కనుంచి వెళ్లే ‘వైర్లే’ డాక్టర్లను ఎక్కువ భయపెడతాయి. మెదడు లోపలి వైట్ మ్యాటర్‌లో నరాల పోగులు కట్టలు కట్టలుగా ఉంటాయి. కదలికలకు సంబంధించిన కట్ట తెగితే అవతలి వైపు చేయి, కాలు పడిపోతాయి. మాటకు సంబంధించినది దెబ్బతింటే మాట తడబడుతుంది, ఒక్కోసారి అసలు రాదు. చిక్కేంటంటే, మామూలు ఎమ్మారైలో ఈ కట్టలు విడివిడిగా కనిపించవు.

ఇక్కడే డీటీఐ స్కాన్ పనికొస్తుంది. 1994లో అమెరికాలోని ఎన్‌ఐహెచ్‌లో పీటర్ బాసర్, ఆయన సహచరులు ఈ పద్ధతిని ప్రతిపాదించారు. లాజిక్ సింపుల్.. నీటి అణువులు నరాల పోగు పొడవునా తేలిగ్గా కదులుతాయి, అడ్డంగా అంతగా కదల్లేవు. ఆ కదలికను బట్టి కంప్యూటర్ దారులు గీస్తుంది. కుడి ఎడమలకు వెళ్లేవి ఎరుపు, ముందు వెనుకలకు ఆకుపచ్చ, పైకీ కిందకీ నీలం. గడ్డ ఆ దారిని పక్కకు నెట్టిందా, లోపలికే చొచ్చుకుపోయిందా అన్నది చూసి, ఎటు నుంచి వెళ్లాలో సర్జన్ ముందే ప్లాన్ చేసుకుంటారు.

అలాగని మ్యాప్‌ను గుడ్డిగా నమ్మలేం. గడ్డ చుట్టూ వాపు ఉన్నా, పోగులు ఒకదాన్నొకటి దాటే చోటైనా గీతలు తప్పొచ్చు. పైగా పుర్రె తెరిచాక మెదడు కాస్త జరుగుతుంది కూడా. అందుకే కీలకమైన చోట పేషెంట్‌ను మెలకువగా ఉంచి, మాట్లాడిస్తూ, స్వల్ప కరెంట్‌తో చెక్ చేస్తారు. 2017లో గుంటూరులో ‘బాహుబలి’ సినిమా చూపిస్తూ చేసిన ఆపరేషన్ గుర్తుందిగా? అదీ ఇలా మెలకువగా ఉంచి చేసిందే.