సీప్యాప్‌కు గంటలే మోతాదు

స్లీప్ స్టడీ రిపోర్టు చేతికి రాగానే డాక్టర్లు ముందు చూసేది ఏహెచ్‌ఐ. నిద్రలో గంటకు సగటున ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, లేదా బాగా తగ్గిందో చెప్పే అంకె ఇది. కనీసం 10 సెకన్లపాటు అలా జరిగితేనే లెక్కలోకి తీసుకుంటారు. 5 లోపు ఉంటే మామూలే. 15 దాకా స్వల్పం, 30 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. ఏహెచ్‌ఐ 40 ఉన్న మనిషి ఏడు గంటలు నిద్రపోతే ఆ ఒక్క రాత్రే 280 సార్లు ఊపిరికి అడ్డు తగిలినట్టు. ఇంట్లోవాళ్లు మాత్రం గురకే అనుకుంటారు.

30 నుంచి 69 ఏళ్ల వయసువారిలో ఏహెచ్‌ఐ 5 లేదా అంతకు మించి ఉన్నవారు ప్రపంచంలో 93.6 కోట్లమంది ఉంటారని 2019లో ఒక అంచనా వెలువడింది. 2022 ఫిబ్రవరిలో ‘గ్యాంగ్ లీడర్’ సంగీత దర్శకుడు బప్పీలహరి నిద్రలో ఇలా ఊపిరి ఆగే జబ్బుతో కన్నుమూసినప్పుడు తెలుగువారిలో చాలామంది దాని పేరు, స్లీప్ ఆప్నియా అన్న మాట, మొదటిసారి విని ఉంటారు.

ఒత్తిడి ఎంత?

నిద్రలో గొంతు కండరాలు వదులై గాలిదారి మూసుకుపోతుంది. సీప్యాప్ మెషీన్ మాస్క్ ద్వారా గాలిని పంపి ఆ దారిని తెరిచి ఉంచుతుంది. సిడ్నీ వైద్యుడు కోలిన్ సల్లివాన్ బృందం ఐదుగురు రోగుల మీద ఈ పద్ధతిని పరీక్షించి, 1981లో లాన్సెట్ పత్రికలో ప్రకటించింది.

సాధారణంగా ఈ మెషీన్లలో ఒత్తిడిని 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటిమట్టం మధ్య పెడతారు. గ్లాసు నీళ్లలో స్ట్రాను 10 సెంటీమీటర్ల లోతుకు ముంచి బుడగలు తెప్పించాలంటే ఎంత గట్టిగా ఊదాలో, 10 ఒత్తిడి అంటే అంతే. వాతావరణ పీడనంలో అది ఒక్క శాతమే. అయినా మొదటి రాత్రి ఉక్కిరిబిక్కిరి అనిపిస్తుంది. అందుకే మెషీన్‌లో ‘ర్యాంప్’ ఉంటుంది: తక్కువ ఒత్తిడితో మొదలై, పెట్టిన సమయంలో, ఉదాహరణకు 20 నిమిషాల్లో, మెల్లగా పెరుగుతుంది.

ఎన్ని గంటలు?

అమెరికా మెడికేర్ బీమా లెక్కలో రాత్రికి 4 గంటలు, 30 రోజుల్లో కనీసం 21 రాత్రులు వాడితే ‘వాడుతున్నట్టే’. చాలామంది అంతకే సరిపెట్టుకుంటారు. కానీ 2007లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, తనకు పగటి మగత తగ్గిందని మనిషి చెప్పడానికి 4 గంటలు చాలు. పరీక్షలో కూడా అది తగ్గినట్టు తేలాలంటే 6 గంటలు, రోజువారీ పనులు మామూలు స్థితికి రావాలంటే ఏడున్నర గంటలు కావాలి. గుండెజబ్బు, పక్షవాతం ఉన్న 2,700 మందికి పైగా పాల్గొన్న ‘సేవ్’ పరిశోధనలో సగటు వాడకం 3.3 గంటలే. గుండెపోటు, పక్షవాతం వంటి ముప్పులు తగ్గినట్టు అందులో తేలలేదు. వాడకం తక్కువ కావడం అందుకు ఒక కారణం కావచ్చని నిపుణుల మాట.

తెల్లవారుజామున మూడింటికి మాస్క్ తీసేసేవారు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. కలలొచ్చే నిద్ర ఎక్కువగా ఉండేది రాత్రి చివరి భాగంలోనే. చాలామందికి ఊపిరి ఎక్కువగా ఆగేదీ అప్పుడే.

తెర ఏం చెబుతోంది?

పొద్దున్నే మెషీన్ తెర మీద ఇలా ఉందనుకుందాం: వాడకం 3.2 గంటలు, ఏహెచ్‌ఐ 2.1, లీక్ నిమిషానికి 38 లీటర్లు. ఏహెచ్‌ఐ 5 లోపే ఉంది కాబట్టి ఒత్తిడి సరిపోయినట్టే కనిపిస్తోంది. కానీ లీక్ ఎక్కువ. రెస్‌మెడ్ కంపెనీ మెషీన్లలో 24 దాటకూడదన్నది లెక్క. లీక్ ఇంతుంటే ఏహెచ్‌ఐ అంకెనూ పూర్తిగా నమ్మలేం. అంటే ముందు సరిచేయాల్సింది మాస్క్‌ను. పట్టీలు బిగిస్తే ముక్కు మీద పుండు పడుతుందే తప్ప లీక్ ఆగకపోవచ్చు. సైజు మార్చి చూడాలి. గుబురు మీసం ఉన్నవారికి ముక్కు రంధ్రాల దగ్గర ఆనే చిన్న మాస్క్ నప్పవచ్చు. పొద్దున్నే నోరు ఎండిపోతుంటే నోటినుంచి గాలి పోతోందేమో చూసుకోవాలి, హ్యూమిడిఫయర్ వాడాలి. అందులో డిస్టిల్డ్ వాటర్ పోసి, మిగిలినవి రోజూ పారబోయాలి. కడుపు ఉబ్బరిస్తే గాలి మింగుతున్నారేమో డాక్టరుకు చెప్పాలి.

కరెంటు పోతే ఊపిరాడదేమోనన్న భయం అక్కర్లేదు. మాస్క్‌కు గాలి పోయే రంధ్రాలుంటాయి. నోరూ ముక్కూ కప్పే మాస్క్‌లకు అదనంగా వాల్వ్ ఉంటుంది. హ్యూమిడిఫయర్ ఆపేస్తే కరెంటు వాడకం బాగా తగ్గుతుంది, ఇన్వర్టర్ ఎక్కువసేపు వస్తుంది.

మొదటి కొన్ని రోజులు పగలు టీవీ చూస్తూ అరగంట మాస్క్ పెట్టుకుని అలవాటు చేసుకోండి. ఒత్తిడి అంకెను సొంతంగా మార్చకండి. కుదరడం లేదని మెషీన్‌ను అటక మీద పెట్టేముందు, అందులో నమోదైన లెక్కలు తీసుకుని ఒక్కసారి డాక్టరును కలవండి. పగటి మగత తగ్గేదాకా స్టీరింగ్ ముందు కూర్చోవద్దు.